రోడ్డవతలి వాళ్లు

కెనడాలో ఒక పల్లెటూరి చర్చి పారిష్ కౌన్సిల్‌కి నన్ను మెంబర్‌గా తీసుకున్నారంటే అది నా బుద్ధి చూసి కాదు, మోకాళ్లు చూసి. నిచ్చెన ఎక్కగలిగిన మనిషి అప్పటికి ఆ కౌన్సిల్లో ఒక్కడూ లేడు. గుడి పైకప్పు నుంచి వేలాడే దీపం ఒకటి మాడిపోయి, దాని కింద కూర్చునేవాళ్లు పాటల పుస్తకం కనపడక ఎవరికి గుర్తున్న చరణం వాళ్లు పాడుకుంటుంటే, ఒక ఆదివారం అందరూ కలిసి నా వైపు చూశారు. ఎక్కాను, బల్బు మార్చాను, కిందికి దిగేసరికి కౌన్సిల్ మెంబర్ని. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టినప్పుడు ఈ ఎక్కడం ఎప్పటికైనా పనికొస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఆ బెంచీ దిగినవాణ్ణి మళ్లీ బడికి పోలేదు. మా మేనమామ వెంట ఇళ్లకు సున్నాలు వేసే పనికి పోయాను.

మొన్న ఆకులు రాలే కాలంలో, ఆ కౌన్సిల్లో నాతో ఉన్న వాల్టర్ పోయాడని కబురొస్తే, నేనూ నా భార్య స్టెల్లా హామిల్టన్ నుంచి బయల్దేరి ఆ ఊరు వెళ్లాం. సార్నియాకి ఓ ముప్పావు గంట ఇవతల, మొక్కజొన్న చేల మధ్య నాలుగు వీధులు, ఒక గుడి, దానికి ఎదురుగా రోడ్డవతల సమాధుల దొడ్డి. మావైపు ఆర్‌సీఎం వాళ్లం, అంటే రోమన్ కాథలిక్కులం, చర్చిని కూడా గుడి అనే అంటాం, ఆ అలవాటు నాకింకా పోలేదు. గుడికి తాళం వేసి చాలా కాలమైంది. పూజ పక్క టౌన్లో జరిపి, వాల్టర్‌ని తెచ్చి ఇక్కడ పూడ్చారు. అయ్యాక టీ ఇస్తామన్నారు గానీ, అది టౌన్లో ఏదో హాల్లో, ప్లాస్టిక్ ట్రేలలో కొనుక్కొచ్చిన తిండి. స్టెల్లా వద్దంది. ఇద్దరం తాళం వేసిన తలుపు దగ్గరకెళ్లి, పక్క కిటికీ అద్దానికి మొహం ఆనించి లోపలికి చూశాం. బెంచీలు అలాగే ఉన్నాయి. చూస్తున్నకొద్దీ ఆ బెంచీలు ఖాళీగా ఉన్నట్టు నాకు అనిపించలేదు. స్టెల్లా నా చొక్కా చెయ్యి పట్టుకుంది. తనకీ అలాగే ఉందనుకున్నాను.

మేం అక్కడికి వచ్చింది పిల్లలంతా కాలేజీలకని కెనడాకి వరదలా వచ్చిన రోజుల్లో. స్టెల్లా సార్నియాలో కాలేజీలో చేరింది. నేను ఆమె స్పౌజ్‌గా వచ్చాను. నా వర్క్ పర్మిట్‌కి కావలసిన అర్హత మొగుడై ఉండటం ఒక్కటే. జీవితంలో నేను ఫస్టు క్లాసులో పాసైన పరీక్ష అదేనని అంటుంటాను, స్టెల్లాని అడిగితే గ్రేసు మార్కులు వేశానంటుంది. సార్నియాలో ఇళ్లు దొరకలేదు. ఒక్కో బేస్‌మెంట్లో మంచాలు వంతులేసుకుని పడుకుంటున్నారు పిల్లలు. మేం ఊరవతలికి జరిగి జరిగి చివరికి ఈ పల్లెలో ఒక ఫారం హౌస్ పై అంతస్తు తీసుకున్నాం. ఇంటాయనకి కోళ్లఫారం ఉంది, నాకు అందులోనే గుడ్లు ఏరే పని. బస్సులు లేవు. పాత మినీవ్యాన్ ఒకటి కొని, దాంట్లో స్టెల్లాని, దార్లో ఉండే పిల్లల్ని కాలేజీకి తిప్పేవాణ్ణి. ఆ వ్యాన్‌కి కోళ్లదాణా వాసన, పులిహోర వాసన, తడి బూట్ల వాసన కలిసి ఒక సొంత వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా తడి ఉన్ని వాసన తగిలితే వెనక సీట్లో ఎవరో కూర్చున్నారని వెనక్కి తిరిగి చూస్తాను.

మొదటి ఆదివారం గుడికి వెళ్లి, ఖాళీగా ఉంది కదా అని మధ్యలో ఒక బెంచీలో కూర్చున్నాం. ఉన్నది పదిహేను మంది ముసలివాళ్లు, అందరూ తలలు తిప్పి మమ్మల్ని చూశారు. మేం ఏ తప్పు చేశామో అర్థం కాలేదు. పూజ అయ్యాక కౌన్సిల్ చైర్‌పర్సన్ మార్గరెట్ గారు మా దగ్గరికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, కర్రలా నిటారుగా ఉండేది, చలికాలం ఎండాకాలం ఒకటే నీలం స్వెట్టరు. చెయ్యి కలిపి, చాలా మామూలుగా, "అది డోయల్ వాళ్ల చోటు," అంది. మేం లేవబోయాం. "పర్వాలేదు, కూర్చోండి. వాళ్లంతా రోడ్డవతలే ఉన్నారు," అంటూ కిటికీలోంచి సమాధుల వైపు గడ్డం ఎత్తి చూపించింది.

ఆ గుడిలో ప్రతి బెంచీ ఒక కుటుంబానిది. ఆ కుటుంబాలు ఒక్కొక్కటే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాయి, వాళ్ల చోట్లు మాత్రం ఇవతల ఉండిపోయాయి. మిగిలిన పదిహేను మందీ దగ్గర దగ్గరగా జరగకుండా, ఎవరి చోట్లో వాళ్లు, మధ్య మధ్య ఖాళీలు వదిలి కూర్చునేవాళ్లు. పూజ మధ్యలో ఒకరికొకరు చెయ్యి కలిపి శాంతి చెప్పుకునే వేళ చేతులు అందక దూరం నుంచే తలలూపుకునేవాళ్లు. నా వ్యాన్‌లో వచ్చే పిల్లలు మెల్లగా ఆదివారాలు కూడా రావడం మొదలుపెట్టాక, మార్గరెట్ గారు వాళ్లని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఒక్కో చోట కూర్చోబెట్టేది. నరసరావుపేట పక్క నుంచి వచ్చిన ప్రసన్నకి మెకెన్నా వాళ్ల బెంచీ వచ్చింది. కరీంనగర్ కుర్రాడు వినోద్ అసలు మా మతం వాడే కాదు. పూజయ్యాక మా ఇంట్లో వండే కోడికూర కోసం వచ్చేవాడు. వాడికి ఎప్పుడో పోయిన ఊరి పోస్ట్‌మాస్టర్ గారి చోటిచ్చారు. ఆమె అలా కూర్చోబెట్టి, ఆ చోటు మనిషి ఎలా దగ్గేవాడో, ఏ పాటకి ఏడ్చేవాడో చెప్పి వెళ్లేది. వినోద్ నా చెవిలో, "అన్నా, ఈమె మనకు సీట్లిస్తున్నదా, దయ్యాలనిస్తున్నదా," అనేవాడు. అన్నాడు గానీ, రెండో నెల నుంచి లోపలికి రాగానే ఆ బెంచీ చివర కొంచెం చోటు వదిలి కూర్చోవడం చూశాను.

ఇక కౌన్సిల్. మా గుంటూరు జిల్లా ఊళ్లో ఇలాంటి కౌన్సిల్ని విచారణ సంఘం అంటారు, అదొక చిన్న అసెంబ్లీ. మా పెదనాన్న మెంబరు. పండక్కి తేరు ఏ వీధి మీదుగా తిరగాలి, మైకు సెట్టు ఎవరిది పెట్టాలి, బిషప్పు గారి పక్క కుర్చీ ఎవరిది అని మూడు నెలల ముందు నుంచి మాటలుండేవి కావు మనుషుల మధ్య. ఇక్కడ అలాంటి పౌరుషాలేమీ లేవు. గుడి కింద నేలమాళిగలో, గుడిని వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన, మడత కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. మైనం, పాత కార్పెట్టు, కాఫీ కలిసిన వాసన. ఫర్నేసు దగ్గినప్పుడల్లా మాట ఆపి, అది మళ్లీ అందుకునేదాకా చూసేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు దగ్గితే చూసినట్టు. మాట్లాడేవి ఏమిటంటే, మంచు తీసేవాడు మెట్లు వదిలేసి పోతున్నాడు. హాలు తాళంచెవులు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. గంట గూట్లో గబ్బిలాలు చేరాయి. కొవ్వొత్తుల బదులు కరెంటు దీపాలు పెడదామా. అన్నిటికన్నా పెద్ద పని, ఎవరైనా పోతే కింద హాల్లో చుట్టాలకి భోజనం పెట్టడం. భోజనమంటే గుడ్డు శాండ్‌విచ్‌లు, అంచులు కోసేసినవి. పొద్దున నేను ఏరిన గుడ్లే మధ్యాహ్నానికి ఎవరో ఒకరి పేర శాండ్‌విచ్‌లయ్యేవి. ఆ ఊళ్లో జీవితమంతా ఆ రెండింటి మధ్యే జరిగేదని నేను జోకేస్తే ఎవరూ నవ్వేవాళ్లు కాదు. నిజమేనని తలలూపేవాళ్లు.

అక్కడ ఏ పనికైనా ఒకరు మోషన్ పెట్టాలి, అంటే తీర్మానం, ఇంకొకరు దాన్ని బలపరుస్తూ సెకండ్ చేయాలి, అప్పుడు చేతులెత్తాలి. వాల్టర్ మోషన్లు పెట్టేవాడు. వాల్టర్ అంటే ముసలి రైతు, నెత్తిన ట్రాక్టర్ కంపెనీ టోపీ, నోట్లో ఎప్పుడూ ఒక సణుగుడు. సమాధుల దొడ్డిలో గడ్డి కోసేది అతనే. నేను సెకండ్ చేసేవాణ్ణి. ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు సరిగా వినపడక ప్రతిదానికీ చెయ్యెత్తేవాళ్లు. ఫాదర్ ఇమ్మాన్యుయేల్ మూడు ఊళ్ల గుళ్లు చూసుకునే నైజీరియా కుర్రాడు, కుర్చీలోనే కునుకు తీసేవాడు. సెకండ్ చేయడమంటే నాకు భలే సరదాగా ఉండేది. బళ్లో ఏ ప్రశ్నకీ చెయ్యెత్తని వాణ్ణి, ఇక్కడ ప్రశ్న పూర్తికాకముందే ఎత్తేవాణ్ణి.

వాల్టర్ ఏటా పెట్టే మోషన్ ఒకటుంది. సమాధుల దొడ్డిలో వెనక మూల, సీడార్ చెట్ల కంచె పక్కన, నేలలో సగం పూడిన బండరాయి ఒకటి ఉండేది. పొలాల్లో దున్నేటప్పుడు తగిలే మామూలు రాయి, పేరు లేదు, శిలువ లేదు. గడ్డి కోసే మిషన్ బ్లేడు దానికి తగిలి విరుగుతోంది, దాన్ని పెకలించి పారేద్దామని వాల్టర్. వచ్చే మీటింగ్‌కి చూద్దామని మార్గరెట్ గారు. ఎన్నేళ్లుగా అలా వాయిదా వేస్తూ వచ్చిందో వాళ్లకే తెలియాలి. నాకు కథల్లో ముడి దాచి చివర విప్పే ఓపిక లేదు గనుక ఇక్కడే చెప్పేస్తాను. ఆ రాయి కింద మార్గరెట్ గారి బిడ్డ ఉన్నాడు. పుట్టీ పుట్టకముందే పోయినవాడు. అక్కడ ఉన్నాడని చెప్పే ఆనవాలు ప్రపంచంలో ఆ రాయి ఒక్కటే. అది తీసేస్తే వాడి చోటు మట్టిలో కలిసిపోతుంది. ఈ సంగతి అప్పుడు ఆమెకి తప్ప కౌన్సిల్లో ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది వాల్టర్ నడుం పట్టేసింది. గడ్డి కోయడానికి బయటి మనిషిని పిలిస్తే, అతను వచ్చి చూసి, పెద్ద మిషన్‌తో చేస్తాను గానీ ఆ మూల రాయి తీసేస్తేనే వస్తానన్నాడు. ఇంక వాయిదా వేయడానికి దారి లేదు. అక్టోబరు మీటింగ్‌లో వాల్టర్ మోషన్ పెట్టాడు. నేను ఎప్పటిలా చెయ్యెత్తాను. ఆ ఇద్దరు పెద్దవాళ్లూ ఎత్తారు. మార్గరెట్ గారు ఫర్నేసు వైపు కాసేపు చూసి, మోషన్ పాసైందని ఎప్పటి గొంతుతోనే చెప్పింది. ఎప్పుడు తీస్తారని వాల్టర్‌ని అడిగింది. నేల గడ్డకట్టకముందే, నవంబరు నెల మధ్యలో, పక్కింటివాళ్ల ట్రాక్టర్ తెస్తానన్నాడు. ఆమె లేచి కాఫీ కప్పులన్నీ కడగటం మొదలుపెట్టింది. ఆ రోజు కడగాల్సిన వంతు వాల్టర్‌ది. నీళ్లు వదిలి చాలాసేపు ఒకే కప్పు కడుగుతుండటం చూశాను. ముసలితనంలే అనుకున్నాను.

నవంబరు వస్తోందంటే మావైపు సమాధుల పండుగ. ఆ రోజుల్లో నాకు ఇంటి మీద బెంగ ఎక్కువగా కలిగింది దాని గురించే. క్రిస్మస్‌కి ఎక్కడున్నా కేకు దొరుకుతుంది, ఈ పండక్కి మాత్రం మనవాళ్లు ఉన్న మట్టి కావాలి. చిన్నప్పుడు మా నాయనమ్మ రెండు రోజుల ముందే సున్నం నానబోసి, అది కుతకుత ఉడికి చల్లారాక, పాత చీర ముక్కతో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపేది. బకెట్టు నేను మోసేవాణ్ణి, కుంచె ఆమె పట్టేది. తడి సున్నం, నలిగిన బంతిపూలు, కరిగిన మైనం కలిసిన ఆ వాసన వస్తే పోయినవాళ్లంతా మేలుకుని మంచాల మీద కూర్చున్నట్టు అనిపించేది నాకు. నాయనమ్మకి ఒక పద్ధతి ఉండేది. దొడ్డిలోకి పోగానే తాతయ్య దగ్గరికి పోయేది కాదు. పేరు చెరిగిపోయి, ఎవరిదో తెలియకుండా పడి ఉన్న దిబ్బలకి ముందు సున్నం వేసేది. నేను విసుక్కుంటే, "మీ తాత ఎటూ పోడు, ఆగుతాడు. వీళ్లకి ఇంకెవరూ రార్రా," అనేది. ఆమె పోయాక ఆ పని మా అమ్మ చేసింది. అమ్మ పోయాక నేను చేశాను. నేను కెనడా వచ్చేశాక అమ్మకి ఎవరు వేస్తున్నారో ఫోన్లో అడగటానికి ధైర్యం చాలలేదు.

అందుకే పండక్కి ముందు శనివారం నేను పిల్లల్ని పోగేశాను. సున్నం బస్తా వాల్టర్ కొట్టాంలో ఉంది, అక్కడ పశువుల కొట్టాలకి పాతకాలంలో సున్నం వేసేవాళ్లట. అడిగితే, మా ఇంటాయన కోళ్లషెడ్డుకేమో అనుకుని వాల్టర్ ఇచ్చేశాడు. నేను అనుకోనిచ్చాను. ఊళ్లోవాళ్లని ఆశ్చర్యపరుద్దామని ఎవరికీ చెప్పలేదు. సున్నం కలిపింది నేను, కుంచెలు కొనుక్కొచ్చింది ప్రసన్న. కుంచెలు చేతికివ్వగానే ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఎవరికి వాళ్లు చెదిరిపోయారు. ప్రసన్న మెకెన్నా వాళ్ల వైపు వెళ్లింది. వినోద్ పోస్ట్‌మాస్టర్ గారి రాయి వెతుక్కుంటూ వెళ్లాడు. వాళ్లు ఏ బెంచీలో కూర్చుంటారో ఆ బెంచీ వాళ్ల రాళ్లకే ముందు సున్నం వేశారు. పాలరాళ్లు, పలకరాళ్లు, చెక్కిన గొర్రెపిల్లలు, దేవదూతలు, అన్నిటికీ దట్టంగా రెండు కోట్లు. గాలి కోస్తోంది, చేతులు కొంకర్లు పోతున్నాయి, పిల్లలు పాటలు పాడుతున్నారు. నేను నాయనమ్మ పద్ధతి ప్రకారం వెనక మూలకి పోయి మొదలుపెట్టాను. వినోద్ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"అన్నా, గది ఉత్త రాయి కదా. గది గూడ సమాధేనా?"

"సమాధుల దొడ్డిలో ఉన్నదంతా సమాధేరా."

"పేరు లేదు మరి."

"పేరున్నవాళ్లకి మీరున్నారు కదా. దీన్ని నాకొదిలేయ్."

దాన్ని తీసేద్దామని చెయ్యెత్తినవాణ్ణి నేనే. అయినా ఆ రోజు దానికి సున్నం వేయకుండా ఉండలేకపోయాను. తీసేసేదాకా అది అక్కడ ఉన్నట్టే కదా అనుకున్నాను. పక్కనున్న ఎండు గడ్డి పీకి, మట్టి తుడిచి, మూడు కోట్లు వేశాను.

మర్నాడు పూజకి వచ్చినవాళ్లు కార్లు దిగి అలాగే నిలబడిపోయారు. రోడ్డవతల రాళ్లన్నీ దంతాల్లా తెల్లగా మెరుస్తున్నాయి. ఆశ్చర్యపడ్డారు, అందులో సందేహం లేదు. పాత సమాధి రాళ్ల మీద ఏదైనా పూయడమంటే ఇక్కడ అల్లరిమూకలు చేసే పనని, పోలీసుల్ని పిలుస్తారని నాకు అప్పుడే తెలిసింది. ఫాదర్ ఇమ్మాన్యుయేల్‌కి ఒక్కడికే నవ్వొచ్చింది, అది దగ్గుగా మార్చుకున్నాడు. వాల్టర్ గుళ్లోకి రాలేదు. పూజ అయ్యేదాకా సమాధుల మధ్యే నిలబడ్డాడు. మేం రోడ్డు దాటి వెళ్లేసరికి టోపీ చేతిలో నలిపేస్తున్నాడు.

"మా అమ్మకి పెయింటేశావు," అన్నాడు నాతో.

పెయింటు కాదని, సున్నమని, నాలుగు వానలకి పోతుందని, మావైపు ఇది మర్యాదని చెప్పుకొచ్చాను. మాటకారినని పేరున్న నాకు ఆ వేళ నా ఇంగ్లీషు ఒక్క అడుగు ముందుకు వేయలేదు. పిల్లలు నా వెనక నక్కారు. వాల్టర్ ఒక్కో రాయి చూపిస్తూ, ఆ మనుషులు ఎంత గౌరవంగా బతికారో చెబుతూ, మమ్మల్ని తిడుతూ నడిచాడు. అలా నడిచి నడిచి మూలకి వచ్చాడు. రాయిని చూసి ఆగి, కోపం మీద నవ్వాడు.

"ఇదిగో, ఇది చూడండి. రెండు వారాల్లో పారేసే బండకి కూడా వేశారు. వీళ్లకి సమాధికీ రాయికీ తేడా తెలియదు."

"వాల్టర్," అంది మార్గరెట్ గారు. ఆమె మా అందరి వెనక నుంచి, గడ్డి మీద మెల్లగా నడిచి వస్తోంది. "వాళ్లు పొరబడలేదు. అక్కడ నా కొడుకు ఉన్నాడు."

ఆమె ఆ రాయి దగ్గరికి వచ్చి, దాన్ని ముట్టుకోకుండా, పొడిగా నాలుగు మాటల్లో చెప్పింది. ఆసుపత్రిలో నర్సు బిడ్డని గుడ్డలో చుట్టి తీసుకెళ్లిపోయిందట. మొహం తనకి చూపించలేదట. జ్ఞానస్నానం లేని బిడ్డని ఆ కాలంలో పవిత్ర భూమిలో పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఆమె భర్త ఫ్రాంక్, అతని తండ్రీ కలిసి అప్పటి కంచెకి అవతల పూడ్చారు. ఎండాకాలం వచ్చాక ఫ్రాంక్ సొంత పొలంలోంచి ఆ రాయిని లాక్కొచ్చి పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఎవరికీ చెప్పలేదు. ఆమెతో కూడా ఒకసారే చెప్పాడట. తర్వాత దొడ్డి పెంచి కంచె వెనక్కి జరిపినప్పుడు బిడ్డ తనంతట తనే లోపలికొచ్చాడు.

"ఇన్నేళ్లూ దీన్ని మిషన్‌తో గుద్దాను, మార్గరెట్," అన్నాడు వాల్టర్.

"తెలుసు. మా వంటింట్లోకి వినపడేది."

ఆమె ఇల్లు ఆ కంచె పక్కదే. ఆ సంగతి మా అందరికీ ఎప్పటి నుంచో తెలుసు. బ్లేడు రాయికి తగిలి ఖంగుమన్న చప్పుడు నేను కూడా ఆ వేసవి రెండుసార్లు విన్నాను, నవ్వుకున్నాను. ఇప్పుడు హామిల్టన్‌లో పక్కింటాయన గడ్డి కోస్తుంటే కిటికీలు మూసేస్తాను. స్టెల్లా ఎందుకని అడగదు.

ఆ మధ్యాహ్నమే కౌన్సిల్ కూర్చుంది. వాల్టర్ తన మోషన్‌ని వెనక్కి తీసుకుంటానని మోషన్ పెట్టాడు. నేను సెకండ్ చేశాను. ఈసారి ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగి, అర్థం చేసుకుని, అప్పుడు ఎత్తాను. రాయి తీస్తేనే వస్తానన్న గడ్డి మనిషిని రావద్దన్నారు. మిగతా రాళ్ల మీద సున్నం సంగతి వచ్చేసరికి, కడిగేయాలన్నవాళ్లు కూడా తగ్గారు. వానలకి పోతుందన్నాడు కదా, పోనిద్దాం అన్నారు. ఒక్క వాల్టర్ మాత్రం మాట మీద నిలబడి, నీళ్లూ బ్రష్షూ తెచ్చుకుని వాళ్లమ్మ రాయి కడిగేశాడు. దాంతో ఆ చలికాలమంతా దొడ్డి మొత్తంలో నల్లగా మాసిపోయి కనపడింది ఆవిడ ఒక్కతే. వసంతం వచ్చాక, సున్నం ఇంకా ఏమన్నా మిగిలిందా అని అతనే నన్ను అడిగాడు.

పండుగ సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించాం. అక్కడ నవంబరులో సాయంకాలమవగానే చీకటి. గాలికి ఆరిపోకుండా ఊరివాళ్లు పచ్చళ్ల సీసాలు, జాము సీసాలు తెచ్చి ఇచ్చారు. మొదట రోడ్డివతలే నిలబడి చూశారు, తర్వాత మడత కుర్చీలు తెచ్చుకుని తమ తమ వాళ్ల దగ్గర వేసుకుని కూర్చున్నారు, ఇంటికి వెళ్లి పలకరించినట్టు. తెల్లటి రాళ్ల మీద మంట వెలుగు కదులుతుంటే, అవి రాళ్లలా కాక కంబళ్లు కప్పుకుని కూర్చున్న మనుషుల్లా కనపడ్డాయి. వినోద్ పోస్ట్‌మాస్టర్ గారి పక్కన గొంతు కూర్చుని, ఫోన్లో వాళ్లమ్మకి వీడియో చూపిస్తూ, "మన పెద్దలే అనుకోవే," అంటున్నాడు. ఫాదర్ మూలకి వచ్చి ఆ రాయి మీద పవిత్రజలం చల్లినప్పుడు, మార్గరెట్ గారు బిడ్డకి తను పెట్టుకున్న పేరు చెప్పింది. చాలా చిన్నగా చెప్పింది. నేను విన్నాను గానీ అది ఇక్కడ రాయను.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. చదువులు అయ్యాయి. కొందరికి అక్కడే స్థిరపడటానికి పీఆర్ వచ్చింది, కొందరికి రాలేదు. వినోద్ సస్కటూన్ పోయాడు, ప్రసన్న ఇంటికి తిరిగి వెళ్లిపోయింది. కొత్త పిల్లలు రావడం తగ్గిపోయి, కాలేజీలో గదులకి గదులే మూసుకున్నాయని విన్నాం. మార్గరెట్ గారు కూడా రోడ్డు దాటి ఫ్రాంక్ పక్కకి వెళ్లింది. మూడు గుళ్లలో రెండింటికి తాళాలు పడ్డాయి. ఆ రోజుల్లో ఇంటి అద్దె కట్టలేక, వారానికో కొత్త ఫారం నింపుతూ, రేపేమవుతుందోనని భయంతో బతికాం. అవి మంచి రోజులని చెప్పను. కానీ అప్పుడు ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు మేం హామిల్టన్‌లో వెళ్లే గుడి పెద్దది, మైకు బాగుంటుంది, పార్కింగు బాగుంటుంది, ఎక్కడ కూర్చున్నా ఎవరూ తల తిప్పి చూడరు. మొన్న ఆ కిటికీ అద్దానికి మొహం ఆనించినప్పుడు నాకు కనిపించింది డోయల్‌లూ మెకెన్నాలూ మాత్రమే కాదు. వాళ్ల పక్కన, బెంచీ చివర చోటు వదిలి ఒదిగి కూర్చున్న మా పిల్లలు కూడా, చలికోట్లతో, నిద్రకళ్లతో. వాళ్లంతా ఎక్కడో బతికే ఉన్నారు. అయినా అలా కనిపించారు.

రోడ్డు దాటి మూలకి వెళ్లాం. మార్గరెట్ గారు పోయాక కూడా వాల్టర్ ఏటా ఆ రాయికి సున్నం వేస్తున్నాడని ఫాదర్ ఒకసారి ఫోన్లో చెప్పాడు. పోయిన ఏడాది అతను వేసిన కోటు పెచ్చులుగా లేచి ఉంది. స్టెల్లా వేలితో ఒక పెచ్చు తీసి, చేతిలో పట్టుకుని, సున్నం బస్తా ఎక్కడ దొరుకుతుందో కనుక్కో అంది.

మార్గరెట్ గారు నాతో అన్న ఒక మాట మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పండుగ అయిన తర్వాతి ఆదివారం ఆమెని వ్యాన్‌లో ఇంటి దగ్గర దింపుతూ, నా నోరు ఊరుకోక, కొంచెం వేళాకోళంగానే అడిగాను. ఇన్నేళ్లు వాయిదాలు వేసే బదులు మీటింగ్‌లో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదా, నేను చెయ్యెత్తేవాణ్ణే కాదు, సున్నం కూడా ముందే వేసేవాళ్లం కదా అని. ఆమె దిగి, స్వెట్టరు సర్దుకుని, తలుపు వేయబోతూ ఆగింది.

"చెప్పి ఉంటే నా కోసం వేసేవాళ్లు," అంది. "చెప్పలేదు కాబట్టి వాడి కోసం వేశారు."